ముందు మంట ఆర్పనివ్వండి

డ్రైవరు గారు పోయారని అన్నయ్య ఫోన్ చేశాడు. నేను బళ్ళో ఉన్నాను. ఫోన్ ఎత్తగానే "పోయేరు చెల్లీ" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. గుండె ఆగిందట. మంచం మీద కూర్చుని కాఫీ తాగుతూ పక్కకి ఒరిగిపోయారట. ఎంతోమందిని చేత్తో కొట్టినవాడు, ఎంతోమంది చేత దెబ్బలు తిన్నవాడు, చివరికి ఎవరి చెయ్యీ తగలకుండా పోయాడు.

ఆయనకి పేరు లేకపోలేదు. ఊరంతా డ్రైవరు గారు అనే పిలిచేది కనక నేనూ అలాగే రాస్తాను. ఊరి పేరు కూడా రాయను. కోనసీమలో ఒక మండలం ఊరు, అంతే చాలు.

ఆ ఊరి హైస్కూల్లో ఉద్యోగం వచ్చాక నేను అద్దెకి దిగిన ఇల్లు ఫైర్ స్టేషన్ ప్రహరీ వెనకే. మా మేడ మెట్ల మీద నిలబడితే వాళ్ళ ఆవరణంతా కనిపించేది. తెల్లారగానే మొదట కనిపించేది ఆయనే. పొట్టి మనిషి. మెడ ఉందా లేదా అన్నట్టు తల భుజాల మీదే కూర్చునేది. చెప్పుల్లేకుండా ఫైరింజను చుట్టూ తిరిగేవాడు. చెక్క సుత్తితో ఒక్కో టైరునీ కొట్టి, తల పక్కకి వంచి ఆ చప్పుడు వినేవాడు. అద్దం మీద మంచు పడితే గుడ్డ వాడేవాడు కాదు, అరచేత్తో తుడిచేవాడు. ఆ తర్వాతే మొహం కడుక్కోవడం.

ఆ చేతితోనే కొట్టేవాడు. గంట మోగాక బండెక్కడంలో వెనకబడ్డవాడి మెడ మీద ఒక్కటి పడేది. ఆ చప్పుడు మా మెట్ల దాకా వినిపించేది. బండిని ఆనుకుని బీడీ కాల్చినవాడికి పడేది. బండి గొట్టాలతో తన స్కూటర్ కడుక్కున్నవాడికి రెండు పడేవి. మా గోదావరి వాళ్ళం తిట్టినా అండి అనే తిడతామని పరాయి ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. ఆయన దగ్గర అది నవ్వులాట కాదు. ఇష్టమైనవాళ్ళని ఒరే అనేవాడు. చెయ్యి చేసుకోబోయే ముందు మాత్రం మర్యాద ముంచుకొచ్చేది. స్టేషన్లో కుర్రాళ్ళు అది కనిపెట్టి, ఆయన నోట అండి అన్నమాట వినపడగానే చెదిరిపోయేవాళ్ళు.

ఒకరోజు పొద్దున్న ఒక ఫైర్‌మన్ బండిలోంచి డీజిల్ తీస్తూ దొరికాడు. వాళ్ళ బావగారి ట్రాక్టరుకి కావాలట. గొట్టం నోట్లో పెట్టి లాగి, డబ్బాలోకి వదిలి, గోడవైపు తీసుకెళుతున్నాడు. డ్రైవరు గారు ఎదురొచ్చారు.

"ఏమండీ, బరువుగా ఉన్నట్టుందే. ఇలా ఇవ్వండి, నేను అందుకుంటాను."

వాడు పారిపోదామనుకునే లోపలే డబ్బా అందుకుని ఆ డబ్బాతోనే కొట్టారు. అడ్డం పెట్టిన చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. డీజిలు మట్టిలో పారింది. వాడు కూలబడి కేకలు పెడుతుంటే ఆయన నిమ్మళంగా తన మోపెడ్ తెచ్చి, వాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కట్టు కట్టించి, హోటల్లో ఇడ్లీ తినిపించి తెచ్చారట. క్షమించమని మాత్రం అనలేదు.

నేను మెట్ల మీదనుంచి అంతా చూశాను. నాకు ఆయనంటే అప్పుడు గౌరవమేమీ కలగలేదు. అసహ్యం వేసింది. మర్నాడు గోడ దగ్గర ఎదురుపడితే అడిగేశాను.

"అంతలా కొట్టాలాండీ? నోటితో చెప్పొచ్చు కదా."

"టీచరమ్మగారూ, మీరు పిల్లల్ని కొట్టరా?"

"కొట్టనండి."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మరెలా భయపడతారండి వాళ్ళు?" అన్నారు. "ఈ బండి కోసం ఎదురు చూసేవోడు ఎలాగుంటాడో మీరు చూడలేదండి. నేను చూసేను. ఆడి మొహం గుర్తొస్తే నా చెయ్యి ఆగదండి" అన్నారు.

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. ఆయన ఇంట్లో కూడా ఆ చెయ్యి ఆగలేదు. ఆయన పోయాక మొన్న నేను పలకరించడానికి వెళ్ళినప్పుడు వాళ్ళావిడ, నేను పిన్నిగారు అంటాను, నా మొహం మీదే చెప్పింది.

"ఇప్పుడందరూ వచ్చి మంచోరు మంచోరు అంటన్నారండి. నన్ను కొట్టేరు. కూతుర్ని కొట్టేరు. ఆ పిల్లకి పెళ్ళయ్యేదాకా నాన్న గుమ్మంలోకొస్తే నోట్లో అన్నం మింగేది కాదు. మీరు ఆయన గురించి రాస్తే అదీ రాయండి టీచరమ్మగారూ."

రాశాను పిన్నిగారూ.

ఆ డీజిలు గొడవైన కొన్నాళ్ళకి స్టేషన్‌కి కొత్త ఆఫీసరు వచ్చాడు. నవ్వు మొహం, తెల్లటి బట్టలు, అందరికీ కావలసినవాడు. ఆయన వచ్చాక బండ్లకి పని పెరిగింది. జీపు పొద్దున్నే పిల్లల్ని ట్యూషన్‌కి దింపేది, సాయంత్రం వాళ్ళావిడని బజారుకి తిప్పేది. ఫైరింజను సైరన్ మోగించుకుంటూ రావులపాలెం వెళ్ళి, ఎవరింట్లోనో పెళ్ళికి అరటి గెలలు వేసుకొచ్చేది. దారిలో బస్సులూ లారీలూ పక్కకి తప్పుకుని దారిచ్చేవి. కల్యాణమండపాలు కడగడానికి వెళ్ళేది. సిబ్బంది కూడా తలో పనికి వాడుకోవడం మొదలెట్టారు. ఊళ్ళో ఎవరూ తప్పు పట్టలేదు. మా స్కూలు ఆవరణ కడగడానికి కూడా ఒకసారి పిలుద్దామని మా హెడ్మాస్టరు గారు అన్నారు.

ఒక నాయకుడి పుట్టినరోజుకి రోడ్డు మీద కుర్రాళ్ళు గంతులేస్తుంటే పైనుంచి వానలా నీళ్ళు కొట్టాలని ఆఫీసరు చెప్పాడు. డ్రైవరు గారు బండి తియ్యనన్నారు. ఆఫీసరు నవ్వుతూనే తన బావమరిదిని పిలిచి, "నువ్వు ఎక్కవయ్యా, ఆయనకి ఒంట్లో బాగోలేదు" అన్నాడు. బావమరిది కూలింగ్ గ్లాసులు పెట్టుకుని ఎక్కి కూర్చున్నాడు.

డ్రైవరు గారు తలుపు దగ్గరికెళ్ళారు. "దిగుతారాండీ?"

"మా బావగారు ఎక్కమన్నారు."

"ఆయ్. అలాగాండీ."

కాలు పట్టుకుని కిందకి లాగారు. ఆ మనిషి తల మెట్టు ఇనుముకి తగిలి, చెవి పైన చీలింది. కూలింగ్ గ్లాసులు ఎక్కడో పడ్డాయి. తెల్ల చొక్కా భుజం దాకా ఎర్రబడింది. ఆఫీసరు కేకలేస్తూ ముందుకొచ్చాడు. డ్రైవరు గారు అతనివైపు తిరిగి, చేతులు రెండూ కిందకి వేలాడేసి, "మీరూ ఎక్కుతారాండీ?" అని అడిగారు. ఆఫీసరు వెనక్కి నడిచాడు. ఆ రోజు వాన పడలేదు.

పోలీసు కేసు కాలేదు. కేసైతే బావమరిది ఫైరింజనులో ఎందుకు కూర్చున్నాడన్న ప్రశ్న వస్తుంది. అంచేత ఆఫీసరు ఇంకో దారి చూశాడు. డ్రైవరు గారిని స్టీరింగ్ దగ్గర్నించి తీసేసి ఫోన్ దగ్గర కూర్చోబెట్టాడు. బండికి ఒక కాంట్రాక్టు డ్రైవరుని పెట్టాడు, చెప్పినట్టు వినే మనిషిని.

ఆ ఫోన్ గది కిటికీ మా ఇంటివైపే. బండి బయటకి వెళుతుంటే ఆయన కుర్చీలోంచి లేచేవారు కాదు. కానీ బల్ల కింద కుడికాలు ముందుకి చాచి నేలని తొక్కుతూ ఉండేవారు. గేటు దగ్గర మలుపులో బండి వేగం తగ్గకపోతే ఆ కాలు ఇంకా గట్టిగా తొక్కేది. ఆ నెలల్లో ఆయన ఎవర్నీ కొట్టలేదు. ఆయన కొడదామన్నా ఎవరూ ఆ గదిలోకి వెళ్ళేవారు కాదు.

మే నెల వచ్చింది. కాలువలకి నీళ్ళు కట్టేశారు. రొయ్యల చెరువుల్లో నీళ్ళకి ఉప్పు ఎక్కువై రొయ్య చచ్చి తేలిపోతోందని రైతులు గోలపెడుతున్నారు. ఆఫీసరుకి కావలసిన ఒక పెద్దమనిషికి ఐ.పోలవరం దారిలో చెరువులున్నాయి. ఫైరింజను రోజూ ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు దగ్గర నింపుకుని, ఆ చెరువుల్లో పోసి వస్తోందని అందరికీ తెలుసు.

మాకు సెలవులు. నేను ఆ స్టేషన్ కిందకే వచ్చే అన్నయ్య వాళ్ళ ఊళ్ళో ఉన్నాను. కాలువగట్టు వెంబడి మా వాళ్ళ ఇళ్ళు. కొన్ని డాబాలు, గట్టు మీద వరసగా తాటాకిళ్ళు. అన్నయ్య డాబాలోనే ఉండేవాడు గానీ, మా వదిన తండ్రి మాత్రం తన తాటాకింట్లోంచి కదలనని పట్టుబట్టి అక్కడే ఉండేవాడు. పక్షవాతం వచ్చి మంచం మీదే ఉన్నాడు. వదిన పూటపూటకీ వెళ్ళి తినిపించి వచ్చేది.

మధ్యాహ్నం భోజనాలవేళ, గట్టు ఆ చివర ఇంట్లో గ్యాస్ స్టవ్ దగ్గర మంట లేచింది. పడమటి గాలి ఉధృతంగా ఉంది. తాటాకు అంటుకుంటే ఎలా ఉంటుందో నేను అంతకుముందు చూడలేదు. మంట ఒక కప్పు మీదనుంచి ఇంకో కప్పు మీదకి దూకుతుంది. ఆడవాళ్ళు బోరింగు దగ్గర బిందెలు పెట్టుకుని నీళ్ళు కొట్టుకుంటున్నారు. కాలువలో అడుగున బురద తప్ప చుక్క లేదు. అన్నయ్య ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు.

"పంపుతన్నానండి. మనుషుల్ని దూరంగా లాగండి. సామాన్ల కోసం లోపలికెళ్ళనివ్వకండి" అంది అవతల గొంతు.

ఆ గొంతు డ్రైవరు గారిదని అన్నయ్యకి తెలీదు. ఆ తర్వాత స్టేషన్లో ఏం జరిగిందో విచారణలో బయటపడింది గానీ ఇక్కడే చెప్పేస్తాను. బండి స్టేషన్లో లేదు. కాంట్రాక్టు డ్రైవరు ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. ఆఫీసరు ఫోన్ కలవలేదు. డ్రైవరు గారు అమలాపురానికి ఫోన్ చేసి ఇంకో బండిని అడిగారు. అది రావడానికి ఆలస్యమవుతుందన్నారు. ఆయన ఫోను ఇంకొకడి చేతిలో పెట్టి, తన మోపెడ్ మీద చెరువులకి వెళ్ళారు. అక్కడ షెడ్డులో కాంట్రాక్టు డ్రైవరూ, ఇద్దరు ఫైర్‌మన్లూ రొయ్యల కూరతో అన్నం తింటున్నారు. బండి గొట్టం చెరువులోకి నీళ్ళు వదులుతోంది.

"ఆయన మమ్మల్ని కొట్టలేదండి. మాతో మాట్లాడలేదు కూడా. నేరుగా వెళ్ళి నీళ్ళు కట్టేసేరు. దానికంటే నాలుగు తగిలించినా బాగుండేదండి" అని ఆ ఫైర్‌మన్లలో ఒకడు విచారణలో చెప్పాడట. ఎంగిలి చేతులతోనే ఇద్దరూ బండి వెనక ఎక్కేశారు. కాంట్రాక్టు డ్రైవరు షెడ్డులోనే ఉండిపోయాడు.

ఇక్కడ ఊళ్ళో, అన్నయ్య మామగారి ఇంట్లోకి దూరాడు. మంచంతో సహా లాగబోయాడు. ఇనప మంచం. మంటకి కాలిపోతున్న మంచంకోళ్ళు పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చాడు. గుమ్మంలో మంచం ఇరుక్కుంది. పైకప్పు దిగింది. జనం అన్నయ్య నడుం పట్టుకుని వెనక్కి గుంజారు. అన్నయ్య అరచేతుల చర్మం ఆ కోళ్ళకే అంటుకుపోయింది. మామగారు లోపలే ఉండిపోయాడు. ఆయన అరిచాడా లేదా నాకు తెలీదు. మా వదిన అరుపులో ఇంకేమీ వినపడలేదు.

అప్పుడొచ్చింది ఫైరింజను. చక్రాల నిండా నల్లటి చెరువు బురద. వెనక వేలాడుతున్న గొట్టానికి చిరిగిన వలముక్క చుట్టుకుని ఉంది. చూసినవాడికి చెప్పాల్సిన పని లేదు.

"రొయ్యల సెరువుకి నీళ్ళు తోలుకుంటన్నార్రా! మన కొంపలు తగలడతంటే!"

జనం బండి మీద పడ్డారు. అద్దం పగిలింది. స్టీరింగ్ వెనక ఉన్నది డ్రైవరు గారు. కాలర్ పట్టుకుని ఆయన్ని సగం బయటకి లాగేశారు. పెదవి చిట్లింది. ఆయన ఆ చేతుల్ని విదిలించుకోలేదు. గట్టిగా, అందరికీ వినపడేట్టు అన్నారు.

"ముందు మంట ఆర్పనివ్వండి. తర్వాత నన్ను కొట్టండి. నేనెక్కడికీ పోను."

ఆ మాటకి ఎందుకో చేతులు వదిలాయి. బండిలో సగమే ఉన్నాయి నీళ్ళు. కాలిపోతున్న ఇళ్ళ మీద ఒక్క చుక్క కూడా కొట్టించలేదాయన. "అయ్యి పోయినట్టే" అని, ఇంకా అంటుకోని వరస మీద కొట్టించారు. ఇళ్ళు కాలుతున్నవాళ్ళు రాళ్ళు విసిరారు. ఒక రాయి ఆయన వీపున తగిలింది. తిరిగి చూడలేదు. రెండో వరస ఇళ్ళు నిలబడ్డాయి. అన్నయ్య ఇల్లు అందులోనే ఉంది. నీళ్ళు అయిపోయాయి.

ఆయన దిగి ఫైర్‌మన్లతో, "బండి తీసుకెళ్ళి నింపుకురండి. లోపల ఇంకా కాలతంది" అన్నారు. జనం అడ్డం నిలబడ్డారు. బండిని కూడా తగలబెట్టేద్దామని ఎవరో కిరసనాయిలు సీసా పట్టుకొచ్చారు.

"ఇది మళ్ళీ నీళ్ళు తేవాలండి" అన్నారు డ్రైవరు గారు. "దాన్ని పోనివ్వండి. నన్ను ఉంచుకోండి."

బండి వెళ్ళిపోయింది. ఆయన తలమీది హెల్మెట్ తీసి, పక్కనున్న అరుగు మీద పెట్టి, జనం మధ్యకి వచ్చి నిలబడ్డారు.

తర్వాత జరిగింది నేను చూశాను. ఎంత తలుచుకోకూడదనుకున్నా వరస తప్పకుండా గుర్తొస్తుంది. మొదట చెంపదెబ్బలు. తర్వాత కాళ్ళు. ఆయన మోకాళ్ళ మీద పడ్డాక కొబ్బరి మట్టలు. మా వీధిలో చీమకి కూడా హాని చెయ్యని మనుషులు వంతులేసుకున్నట్టు వచ్చి కొట్టి వెళ్ళారు. ఆ పొట్టి మనిషి తలుచుకుంటే నలుగురిని పడెయ్యగలడు. ఆయన చేతులు మాత్రం పైకి లేవలేదు. మొహానికి అడ్డం కూడా పెట్టుకోలేదు.

అన్నయ్య వచ్చాడు. చేతుల్లోంచి నెత్తురూ నీరూ కారుతున్నాయి. ఆ చేతులతోనే సగం కాలిన వెదురు రాట ఎత్తాడు. "అన్నయ్యా వద్దు!" అని అరిచాను. వెదురు చివర ఆయన ఎడమ కన్ను మీద పడింది. ఆయన మొదటిసారి శబ్దం చేశారు, ఏడుపు కాదు, ఊపిరి గట్టిగా వదిలినట్టు. పక్కకి ఒరిగిపోయారు. అమలాపురం నుంచి రెండో బండీ, దాని వెనక పోలీసు జీపూ గట్టెక్కాయి. జనం చెదిరిపోయారు. అన్నయ్య రాట పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వదలడానికి వేళ్ళు రాలేదు.

ఆయన్ని కాకినాడ తీసుకెళ్ళారు. కన్ను పోయింది.

ఎస్సై మా ఊరి మగవాళ్ళని కొందరిని ఆసుపత్రికి పట్టుకెళ్ళి ఆయన మంచం ముందు నిలబెట్టాడు. అన్నయ్య చేతులకి కట్లతో అందులో ఉన్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"ఎవరు కొట్టారో చూపించండి" అన్నాడు ఎస్సై.

ఆయన మిగిలిన కంటితో ఒక్కొక్కరినీ చూశారు. అన్నయ్య దగ్గర ఆగారు. కట్ల వైపు చూశారు.

"పొగండి. పొగలో ఎవడు కనపడతాడండి."

"ఈ చేతులు కాలినవాడే కర్రతో కొట్టాడని సాక్ష్యం ఉంది."

"ఆ చేతులతో కర్ర పట్టుకోగలడాండి? మీరే చూడండి" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

అప్పటికి అన్నయ్యకి ఆయన మీద జాలి లేదు. ఆయన్ని బండి మీంచి ఎప్పుడో తీసేశారని నేనన్నా వినకుండా, "తప్పు చేసినోడు గనక నోరు మూసుకున్నాడు" అనేవాడు. విచారణ మొదలయ్యాక గానీ నిజం మా ఊరికి చేరలేదు. విచారణకొచ్చిన అధికారి ముందు డ్రైవరు గారు దాచకుండా చెప్పారు. బండి ఎవరి చెరువుకి వెళ్ళిందో, ఎవరు పంపారో, అరటి గెలలు ఎవరింటికో, జీపు ఎవరి పిల్లలకో, అన్నీ. అంతా అయ్యాక అధికారి అడిగాడట, మీరెప్పుడూ సొంతానికి వాడలేదా అని.

"వాడేనండి" అన్నారట.

అంతకుముందెప్పుడో ఒక తుపాను వానలో కూతురికి నొప్పులొచ్చాయి. రోడ్డు మీద నీళ్ళు. అంబులెన్సు రాలేనంది. ఆటోలు కదల్లేదు. ఆయన ఫైరింజను తీసి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, నీళ్ళని చీల్చుకుంటూ అమలాపురం ఆసుపత్రికి తోలారు. మనవడు పుట్టాడు. ఆ సంగతి ఆయన చెప్పేదాకా ఎవరికీ పట్టలేదు.

"అది తప్పు కాదండీ, ప్రాణం నిలబెట్టడమే కదా బండి పని" అని నేను తర్వాత ఎప్పుడో అంటే, ఆయన ఒప్పుకోలేదు. "ఆ రాత్రి ఇంకొకళ్ళ పిల్లకి నొప్పులొస్తే నేను బండి తీసేవోణ్ణాండి? తియ్యను. డ్యూటీ అనేవోణ్ణి. అడిగేడు, చెప్పేను."

మిగతా సిబ్బందితోపాటు ఆయన్నీ సస్పెండు చేశారు. ఆఫీసరుకి మాత్రం ఇంకో జిల్లాకి బదిలీ అయింది, అక్కడ ఇంకో స్టేషను ఇచ్చారు. డ్రైవరు గారికి ఒంటికన్ను వల్ల మళ్ళీ బండి ఇవ్వలేదు. ముందుగానే ఉద్యోగం వదిలించి ఇంటికి పంపారు. కొత్తపేట దగ్గర సొంతూరికి వెళ్ళిపోయారు. సెలవు రోజుల్లో నేను వెళ్ళి చూసి వచ్చేదాన్ని. కన్ను పోయాక ఆయన ఇంట్లో చెయ్యెత్తడం మానేశారని పిన్నిగారు చెప్పింది. "ఎందుకో నేనడగలేదండి. అడిగితే మళ్ళీ మొదలెడతారేమోనని" అంది.

నిజం తెలిశాక అన్నయ్య మారిపోయాడు. అంతకుముందు లారీ తోలేవాడు. చేతులు మానాక వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. దూర ప్రయాణాలు కష్టమై ఒక ప్రైవేటు స్కూలు బస్సుకి డ్రైవరుగా చేరాడు. ఎవరితోనూ పోట్లాట లేదు, నవ్వూ లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. "ఒక్కసారి వెళ్ళి కాళ్ళ మీద పడిపో అన్నయ్యా" అంటే, "ఆ మొహం చూడలేనే" అనేవాడు.

చాలాకాలానికి ఒకరోజు నేను డ్రైవరు గారి ఇంట్లో పిన్నిగారితో కూర్చుని ఉంటే, సందు చివర పసుప్పచ్చ స్కూలు బస్సు ఆగింది. అన్నయ్య దిగి వచ్చాడు. డ్రైవరు గారు వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. అన్నయ్య గుమ్మంలోనే నిలబడి ఏడవడం మొదలెట్టాడు.

"మీరు బండి తెచ్చినోరని నాకు తెలీదండి. మీరే చెరువుకి తోలేరనుకున్నానండి. నన్ను చంపెయ్యండి."

డ్రైవరు గారు లేచి దగ్గరికెళ్ళారు. తల పక్కకి తిప్పి, ఉన్న కంటితో అన్నయ్యని పైనుంచి కింద దాకా చూశారు. తర్వాత సందు చివరకి చూశారు.

"ఆ బస్సు నీదా?"

"స్కూలుదండి. పిల్లల్నందర్నీ దింపేసేను. ఇటు రావాలని…"

మాట పూర్తి కాలేదు. చెంప మీద పడింది. అన్నయ్య గోడకి కొట్టుకుని కింద కూర్చుండిపోయాడు. ఆ వయసులో ఆ చేతికి అంత బలం ఉంటుందని నేననుకోలేదు. పిన్నిగారు "అయ్యో, ఏడుస్తా వచ్చినోణ్ణి…" అంటూ లేచింది.

"పిల్లల బస్సు" అన్నారు డ్రైవరు గారు. "ఇందులో వచ్చేవా నా దగ్గరికి? ఇక్కడ కాలవలో పడితే రేపొద్దున్న ఆ పిల్లల్ని ఎవడు తీసుకెళతాడు? తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడ పెట్టు. ముందు పో."

అన్నయ్య లేచి వెళ్ళిపోయాడు. బస్సు సందులోంచి వెనక్కి వెళ్ళేదాకా డ్రైవరు గారు నిలబడే ఉన్నారు.

"ఇంక రాడు. ఇంటికొచ్చినోణ్ణి కొట్టి పంపేరు" అంది పిన్నిగారు.

నేను కూడా అన్నయ్య రాడనే అనుకున్నాను. వెళ్ళడానికి లేచాను. పిన్నిగారు కాఫీ తాగి వెళ్ళమని ఆపింది. కాఫీ తర్వాత ఇంకేదో మాట, ఆ తర్వాత ఇంకోటి. పొద్దు వాలుతుండగా మెయిన్ రోడ్డు మీద షేరాటో ఆగిన చప్పుడు వినిపించింది. అన్నయ్య నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుంది. చెంప మీద వేళ్ళు ఇంకా తేలి ఉన్నాయి.

డ్రైవరు గారు మంచం మీద పక్కకి జరిగారు. "కూర్చోరా" అన్నారు.

అన్నయ్య కూర్చున్నాడు. నేనూ పిన్నిగారూ లోపల గుమ్మం దగ్గర నిలబడ్డాం. డ్రైవరు గారు వీధివైపు చూస్తూ అడిగారు.

"ఆ రోజు లోపల ఉండిపోయినాయన, మీ మామగారటగా."

"ఆయ్."

"విచారణ కాగితాల్లో ఒక వృద్ధుడు అని రాసేరు. ఆసుపత్రిలో అడిగితే ఎవరూ చెప్పలేదు. ఎన్నాళ్ళనించో అడుగుదామనుకుంటన్నాను. ఆయన పేరేంటి?"

మామగారు పోయాక ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకడం లేదు.

"ఏసురత్నం అండి" అన్నాడు.

"ఏసురత్నం గారు" అన్నారు డ్రైవరు గారు.